ఇంగ్లిష్ టీచర్లూ, ఆన్‌లైన్ కోర్సు రేపటి పీరియడ్‌కి పనికొచ్చేలా చేసుకోవడం ఎలా?

జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి మన ఫోన్‌కి లింకులు వస్తూనే ఉంటాయి. కోర్సు లింకు, వెబినార్ లింకు, రేపే ఆఖరు తేదీ అంటూ గ్రూపులో ఒక మెసేజ్. ఒకటి పూర్తిచేసేలోపు ఇంకొకటి. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్తాను. ఒక ఏడాది పట్టుదలగా కూర్చుని పదకొండు సర్టిఫికెట్లు డౌన్‌లోడ్ చేసుకున్నాను. ఆ ఏడాది మా ఎనిమిదో తరగతి పిల్లలు జూన్‌లో ఎలా మాట్లాడేవారో మార్చిలోనూ అలాగే మాట్లాడారు. ఆ బాధతోనే పద్ధతి మార్చుకున్నాను. ఇప్పుడు ఏడాదికి మూడు కోర్సులకు మించి చేయను. చేసిన ప్రతి కోర్సులోంచి ఒక్కటైనా క్లాసులోకి తీసుకెళ్తాను. అది ఎలాగో వరసగా చెప్తాను, మీ బడికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు మీ క్లాసు మీరే వినండి

కోర్సు వెతకడానికి ముందే ఫోన్‌తో చేయాల్సిన పని ఒకటుంది. మీకు బాగా కష్టంగా అనిపించే సెక్షన్‌కి వెళ్లినప్పుడు వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, ఫోన్‌ని బల్ల మీద హాజరు పట్టీ పక్కన పెట్టండి. పది నిమిషాలు చాలు. వీడియో వద్దు, పిల్లల ముఖాలు తీయాల్సిన పనే లేదు. ఈ రికార్డింగ్ మీరు తప్ప ఇంకెవరూ వినరు, లెక్క రాసుకున్నాక తీసేయండి.

సాయంత్రం ఇంట్లో పని తెమిలాక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి. మన గొంతు మనకే కొత్తగా, ఇబ్బందిగా ఉంటుంది. రెండు నిమిషాల్లో అలవాటైపోతుంది. ఒక కాగితం మీద మూడు లెక్కలు రాసుకోండి: ఎన్ని ప్రశ్నలు అడిగాను, ఎన్నింటికి నేనే జవాబు చెప్పేశాను, ఎంతమంది పిల్లల గొంతులు విడివిడిగా వినిపించాయి.

నా మొదటి రికార్డింగ్‌లో పద్నాలుగు ప్రశ్నలు ఉన్నాయి. తొమ్మిదింటికి జవాబు నాదే. నాలుగింటికి క్లాసంతా ఒకే రాగంలో "యస్ టీచర్" అంది. విడిగా వినిపించిన గొంతు ఒక్కటే, మొదటి బెంచీ అమ్మాయిది. క్లాసులో ఉన్నది అరవై మంది. ఇన్నేళ్లు నేను బాగా మాట్లాడిస్తున్నాననే అనుకున్నాను.

ఇప్పుడు సమస్యని ఒక్క వాక్యంలో రాయండి. "పిల్లలకి ఇంగ్లిష్ రాదు" అని రాస్తే దానికి ఏ కోర్సూ దొరకదు. "ప్రశ్న అడిగాక నేను ఆగట్లేదు" అని రాస్తే దొరుకుతుంది. "గ్రూప్ వర్క్ పెడితే గోల తప్ప పని జరగట్లేదు", "పేరాగ్రాఫ్ రాయమంటే గైడ్ చూసి దించేస్తున్నారు", "ఏడో తరగతికొచ్చినా పది మందికి కూడబలుక్కుని చదవడం కూడా రాదు": ఇలా ఉండాలి. ఆ వాక్యమే ఈ టర్మ్‌కి మీ సిలబస్.

ఏ సమస్యకి ఎక్కడికెళ్లాలి

బడి చదువులకీ టీచర్ల శిక్షణకీ కేంద్రం నడిపే ఆన్‌లైన్ వేదిక దీక్ష మనందరికీ తెలిసిందే. 2017 సెప్టెంబరు 5న మొదలైంది. టీచర్ల కోసం కేంద్రం పెట్టిన నిష్ఠ శిక్షణ 2019లో ముఖాముఖిగా మొదలై, కోవిడ్ వల్ల 2020 అక్టోబరు నుంచి దీక్షలోకి వచ్చింది. ఒక్కో కోర్సు మూడు నాలుగు గంటల పని. హైస్కూల్ టీచర్లం చాలామందిమి నిష్ఠ మూడో విడతని ప్రైమరీ వాళ్లదని వదిలేస్తాం. అది పునాది అక్షరాస్యత గురించినది. నా అనుభవంలో ఆరు, ఏడు తరగతుల్లో చదవడం రాని పిల్లలున్న టీచర్‌కి అంతకంటే పనికొచ్చేది ఇంకొకటి లేదు. మీ వాక్యం చదవడం గురించైతే అక్కడే మొదలుపెట్టండి. దాంతోపాటు ప్రథమ్ బుక్స్ వాళ్ల కథల సైట్ స్టోరీవీవర్ చూడండి. ఒకే కథ తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ దొరుకుతుంది. డబ్బు కట్టక్కర్లేదు, ప్రింట్ తీసుకోవచ్చు. తెలుగులో కథ తెలిసిన పిల్ల ఇంగ్లిష్ పేజీ చూసి భయపడదు.

క్లాసు నడపడం, పెద్ద క్లాసులు, మాట్లాడించడం, రాయించడం: వీటికి బ్రిటిష్ కౌన్సిల్ వాళ్ల టీచింగ్ ఇంగ్లిష్ సైట్ మంచిది. చిన్న వ్యాసాలు, లెసన్ ప్లాన్లు, మన వేగంతో చేసుకునే మాడ్యూళ్లు, వెబినార్లు ఉంటాయి, చాలావరకు ఉచితం. కొత్తవాళ్లు చేసే పొరపాటు ఏమిటంటే హోమ్ పేజీ చూసి, ఇంత ఉందా అని కంగారుపడి మూసేస్తారు. వెతికే పెట్టెలో మీ సమస్యకి సంబంధించిన రెండు ఇంగ్లిష్ మాటలు మాత్రమే టైప్ చేయండి. మొదట వచ్చిన వాటిలో ఒక్కటి తెరవండి.

గ్రూప్ వర్క్ మీ సమస్య అయితే, ఒక పని ఇచ్చి, అది చేయిస్తూ భాష నేర్పే టాస్క్ పద్ధతి గురించి వెతకండి. ఇది ఎక్కడో విదేశాల్లో పుట్టి మనకి పనికిరాదని అనుకోవద్దు. 1979 నుంచి 1984 దాకా ఇంగ్లిష్ బోధన నిపుణులు ఎన్.ఎస్. ప్రభు గారు బెంగళూరు ప్రాజెక్టు పేరుతో దక్షిణాదిలోని మామూలు బడుల్లోనే దీన్ని నడిపారు. వ్యాకరణం ముందు చెప్పకుండా, రైల్వే టైమ్ టేబుల్, మ్యాపు లాంటివి ఇచ్చి లెక్క తేల్చమనేవారు. నేను దాన్ని ఆర్టీసీ బస్సులకి మార్చుకున్నాను. బోర్డు మీద నాలుగు బస్సుల టైములు రాసి, రవి పది గంటలకల్లా పరీక్ష సెంటర్‌లో ఉండాలి, ఏ బస్సు ఎక్కాలి, ఎందుకు, అని ఇంగ్లిష్‌లో అడుగుతాను. జవాబు కచ్చితంగా ఒకటి ఉంది కాబట్టి పిల్లలు నిజంగానే వాదించుకుంటారు.

జూనియర్ కాలేజీ, డిగ్రీ లెక్చరర్లకి కేంద్రం నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం బాగుంటుంది. జనవరిలో, జులైలో సెమిస్టర్లు మొదలవుతాయి. చేరడం, పాఠాలు వినడం ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి, సెంటర్‌కి వెళ్లి పరీక్ష రాయాలి. వారాల తరబడి అసైన్‌మెంట్లు ఉంటాయి కాబట్టి స్పాట్ వాల్యుయేషన్, ఎలక్షన్ డ్యూటీ ఉన్న నెలల్లో పెట్టుకోకండి. కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ల ఇంగ్లిష్ బోధన కోర్సులున్నాయి. ఫీజు భారమైతే కారణాలు రాసి ఆర్థిక సహాయానికి దరఖాస్తు పెట్టుకునే వీలుంది. ఆ దరఖాస్తు మీ మాటల్లో, నిజాయితీగా, మీ బడి గురించి రాయండి.

ఒకేసారి రెండింటిలో చేరొద్దు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను.

చేరే ముందు సరిచూసుకోవాల్సినవి

సర్టిఫికెట్ మీద పేరు మన ప్రొఫైల్‌లో ఎలా ఉంటే అలా వస్తుంది. ఇంటిపేరు పొడి అక్షరమా, పూర్తిగానా, సర్వీస్ రిజిస్టర్‌లో ఎలా ఉందో అలాగే మొదటిరోజే సరిచేసుకోండి. నాకు ఒకసారి ఇంటిపేరు లేకుండా వచ్చింది. దాన్ని మార్పించుకోవడానికి పట్టిన మెయిళ్లు, ఫోన్లు తలచుకుంటే ఇప్పటికీ విసుగే.

దీక్ష యాప్‌లో కోర్సుని డౌన్‌లోడ్ చేసుకుని సిగ్నల్ లేని చోట చూసినప్పుడు, మళ్లీ నెట్ తగలగానే ప్రోగ్రెస్ సింక్ చేయండి. చేయకపోతే మీరు చూసింది అక్కడ లెక్కకి రాదు. సర్టిఫికెట్ వెంటనే రాలేదని టెన్షన్ పడకండి, కొన్ని రోజులు పడుతుంది. అన్నిచోట్లా ఒకటే మెయిల్, ఒకటే ఫోన్ నంబర్ వాడండి. బడి కంప్యూటర్‌లో లాగిన్ అయితే లాగౌట్ చేయడం మరిచిపోవద్దు.

వెబినార్ టైమ్ దగ్గర చాలామంది పొరబడతారు. బ్రిటన్ టైమ్ ఇచ్చినప్పుడు మార్చి ఆఖరి ఆదివారం నుంచి అక్టోబరు ఆఖరి ఆదివారం దాకా నాలుగున్నర గంటలు కలపాలి, మిగతా నెలల్లో ఐదున్నర. అక్కడ మధ్యాహ్నం మూడు అంటే మనకి వేసవిలో రాత్రి ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. పోస్టర్ చూసిన రోజే మన టైమ్ లెక్కేసి ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

కూర్చునే పద్ధతి

వీడియోని మ్యూట్‌లో పెట్టి వంట చేసుకోవడం, ఆఖరి క్విజ్ జవాబులు గ్రూపులో అడగడం మనలో చాలామంది చేసిందే, నేనూ చేశాను. ఇంటి పని, బడి పని, పైన ఆఖరు తేదీ ఉంటే మనిషి ఏం చేస్తాడు? అందుకే కోర్సులు తగ్గించుకోమంటున్నాను. తగ్గించుకుంటే ఆ ఒక్కదానికీ అరగంట దొరుకుతుంది.

వారానికి రెండు అరగంటలు పెట్టుకోండి. నాకు శనివారం సాయంత్రం, బుధవారం లీజర్ పీరియడ్ కుదిరాయి. పక్కన ఒక రూళ్ల పుస్తకం. ఎడమ పేజీలో కోర్సులో విన్నది, రెండు మూడు వాక్యాలు మాత్రమే. కుడి పేజీలో "ఏ తరగతి, ఏ పాఠం, ఏ రోజు" అని రాసి, అక్కడ దాన్ని ఎలా చేయబోతున్నానో రాయాలి. కుడి పేజీ ఖాళీగా ఉంటే తర్వాతి మాడ్యూల్ తెరవకూడదు, ఇదొక్కటే నియమం. క్విజ్‌లో తప్పు పోయిన ప్రశ్నని కూడా ఎడమ పేజీలో రాసుకోండి, అక్కడే మనకి తెలియనిది ఉంటుంది.

లైవ్ వెబినార్‌లో మాట్లాడాలంటే భయం వేస్తుంది. ఇంగ్లిష్ టీచరై ఉండి తప్పు మాట్లాడితే అందరూ ఏమనుకుంటారో అని కెమెరా, మైక్ ఆపేసి కూర్చుంటాం. మొదటి రెండు వెబినార్లలో చాట్‌లో ఒక్క ప్రశ్న టైప్ చేయండి, ముందే నోట్‌బుక్‌లో రాసిపెట్టుకుని. మూడోదాంట్లో చెయ్యెత్తండి. అక్కడికి వచ్చేవాళ్లలో సగానికి సగం మనలాగే ఇంగ్లిష్ నేర్చుకుని చెప్తున్నవాళ్లే.

క్లాసులో ఒక్కటే మార్చండి

నా వాక్యం "ప్రశ్న అడిగాక ఆగట్లేదు" కదా. దాని గురించి చదువుతుంటే మేరీ బడ్ రో అనే పరిశోధకురాలి పేరు తగిలింది. అమెరికాలో సైన్స్ క్లాసుల టేపులు విని 1970ల్లో ఆమె తేల్చింది ఏమిటంటే, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను ఆగుతారు. దాన్ని మూడు సెకన్లు చేస్తే జవాబులు పొడుగవుతాయి, తెలీదనేవాళ్లు తగ్గుతారు. మన పిల్లలు ప్రశ్నని ఇంగ్లిష్‌లో విని, తెలుగులో ఆలోచించి, మళ్లీ ఇంగ్లిష్‌లోకి తెచ్చుకోవాలి. ఒక్క సెకను వాళ్లకి ఎలా చాలుతుంది?

మర్నాడు ప్రయత్నించాను. ప్రశ్న అడిగి మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. రెండు దగ్గరే నోరు తెరుచుకోబోయింది. బోర్డు దగ్గర డస్టర్ పట్టుకుని నిలబడ్డాను, చేతికి ఏదో ఒకటి ఉంటే నోరు ఆగుతుంది. మొదటి రోజు ఎవరూ మాట్లాడలేదు. నేను మర్చిపోయాననుకున్నారేమో, ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. నాలుగో రోజు మూడో బెంచీలోంచి "బికాజ్ హీ ఈజ్... భయం, టీచర్" అని వచ్చింది. ఆ పిల్లాడికి "అఫ్రెయిడ్" అన్న మాట ఒక్కటే నేను అందించాను. మిగతా వాక్యం వాడిదే.

రెండోది, "అర్థమైందా?" అని అడగడం మానేశాను. దానికి అవుననే జవాబు తప్ప ఇంకొకటి రాదు. పని ఇచ్చాక ఇలా అడగండి: రాయాలా, మాట్లాడాలా? ఒక్కళ్లేనా, ఇద్దరా? ఎన్ని వాక్యాలు? వీటికి ఒక్క మాటలో జవాబు చాలు కాబట్టి చివరి బెంచీ కూడా చెప్తుంది. ఎవరికి అర్థం కాలేదో అప్పుడే తెలిసిపోతుంది.

తెలుగు వాడొచ్చా అనే సందేహం ప్రతి శిక్షణలోనూ వస్తుంది. నా ఉద్దేశం ఇది: పాఠం మొత్తం తెలుగులో చెప్పేస్తే పిల్లలకి ఇంగ్లిష్ చెవిన పడేది ఎప్పుడు? కానీ ఆలోచించుకోవడానికి, జంటలో ముందుగా చర్చించుకోవడానికి తెలుగు ఇవ్వండి, జవాబు ఇంగ్లిష్‌లో అడగండి. మన రెండు రాష్ట్రాల్లోనూ ద్విభాషా పాఠ్యపుస్తకాలున్నాయి, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. వారానికొకసారి ఇంగ్లిష్ పీరియడ్‌లో సైన్స్ పుస్తకం తెరిపించి, తెలుగు పేజీలోని ఐదు మాటలకి ఎదురు పేజీలో ఇంగ్లిష్ మాటలు వెతికించండి. సైన్స్ మాస్టారు కూడా సంతోషిస్తారు.

ఒక మార్పుని కనీసం నాలుగు వారాలు పట్టుకోండి. మధ్యలో ఎఫ్‌ఏ పరీక్షలొచ్చి ఆగిపోతే, ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

తోడు వెతుక్కోండి

ఒంటరిగా చేసే కోర్సు రెండో వారంలో ఆగిపోతుంది. మండలంలో ఇంకో ఇద్దరు ఇంగ్లిష్ టీచర్లని కలుపుకుని ముగ్గురితో చిన్న వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి. అందులో గుడ్ మార్నింగ్ ఫొటోలు, జీవోలు వద్దని ముందే అనుకోండి. శుక్రవారం రాత్రికి ఒక్కొక్కళ్లు ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టాలి, ఇంగ్లిష్‌లోనే: ఈ వారం ఏం ప్రయత్నించాను, ఏమైంది. క్లాసు గురించీ మాట్లాడినట్టవుతుంది, మన ఇంగ్లిషూ సాగుతుంది. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో పది నిమిషాలు అడిగి తీసుకుని మీరు చేసింది చెప్పండి.

పెద్ద సంఘాలూ ఉన్నాయి. చెన్నై కేంద్రంగా 1974 నుంచి ఉన్న ఎల్టాయ్, ఇంకా ఐనెట్, మన దేశంలోని ఇంగ్లిష్ టీచర్లవి. సభ్యత్వం తీసుకుంటే ఆన్‌లైన్ కార్యక్రమాల సమాచారం నేరుగా వస్తుంది. రెండు మూడేళ్లు గడిచాక మీ రూళ్ల పుస్తకంలోని కుడి పేజీలే ఒక చిన్న పత్రంగా రాసి సమర్పించవచ్చు.

డబ్బు కట్టే ముందు

120 గంటల ఇంగ్లిష్ బోధన సర్టిఫికెట్, 90 శాతం తగ్గింపు, ఈ రాత్రితో ఆఖరు: ఇలాంటి ప్రకటన మీకూ వచ్చే ఉంటుంది. నేను ఒకసారి కట్టాను. పీడీఎఫ్‌లు చదివి, ఆప్షన్లు టిక్ పెడితే రెండు రోజుల్లో సర్టిఫికెట్ వచ్చింది. నేను పాఠం చెప్పడం ఎవరూ చూడలేదు, ఒక్క మాట సరిచేయలేదు. దాన్ని ఎక్కడా వాడుకోలేకపోయాను.

కేంబ్రిడ్జి వాళ్లు ఇచ్చే ఇంగ్లిష్ బోధన సర్టిఫికెట్ సెల్టా కూడా 120 గంటలదే. అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకి పాఠం చెప్పాలి, శిక్షకులు చూసి లోపాలు చెప్తారు. ఆన్‌లైన్‌లోనూ చేయొచ్చు. ఖర్చు ఎక్కువ, పని ఇంకా ఎక్కువ, విదేశాల్లో పెద్దలకి ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగం చూసుకునేవాళ్లకి అర్థముంది. బళ్లో పనిచేస్తూ పరీక్ష రాయాలనుకునేవాళ్లకి అదే సంస్థ టీకేటీ (టీచింగ్ నాలెడ్జ్ టెస్ట్) ఉంది. ఒక్కో మాడ్యూల్ 80 ప్రశ్నలు, 80 నిమిషాలు, పాస్ ఫెయిల్ లేకుండా ఒకటి నుంచి నాలుగు దాకా బ్యాండ్ ఇస్తారు. మన దగ్గరే కావాలంటే హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) ఉంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైన సంస్థ అది. ఇంగ్లిష్ టీచర్ల కోసమే ఉన్న దాని దూరవిద్య కోర్సుల నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి.

ఏదైనా కట్టే ముందు మూడు అడగండి: నేను పాఠం చెప్పడం ఎవరైనా చూస్తారా? నేను రాసింది మనిషి చదివి వ్యాఖ్య రాస్తారా? మా శాఖ దీన్ని లెక్కలోకి తీసుకుంటుందా? మూడింటికీ లేదు అయితే ఆ డబ్బుతో మంచి నిఘంటువు కొనుక్కోండి.

జాతీయ విద్యా విధానం 2020 ప్రతి టీచర్‌కి ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటుంది. కాబట్టి కోర్సు పేరు, తేదీలు, గంటలు ఒక పేజీలో రాసుకుంటూ, సర్టిఫికెట్లు మెయిల్‌లో ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. అడిగిన రోజు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

మన ఇంగ్లిష్ సంగతి

బోధన పద్ధతుల కోర్సులు ఎన్ని చేసినా, మన ఉచ్చారణ గురించి ఎవరూ మొహం మీద చెప్పరు. రోజుకి పది నిమిషాలు చాలు. యూగ్లిష్ అనే సైట్‌లో ఒక మాట కొడితే నిజమైన వీడియోల్లో ఆ మాట ఎలా పలికారో వరసగా వినిపిస్తుంది. రేపటి పాఠంలోని ఐదు మాటలు విని, గట్టిగా పలకండి. మన తెలుగులో ఒక్క "వ" ఉంది, ఇంగ్లిష్‌లో రెండు ధ్వనులు. "వి"తో మొదలయ్యే వెస్ట్‌కి పై పళ్లు కింది పెదవికి తగలాలి, "డబ్ల్యూ"తో మొదలయ్యే వెస్ట్‌కి పెదవులు గుండ్రంగా రావాలి. డెవలప్, హోటల్, ఈవెంట్ లాంటి మాటల్లో ఒత్తు రెండో భాగం మీద పడుతుంది, మనం మొదటి దాని మీద వేస్తాం. అద్దం ముందు నిలబడి రెండు వారాలు చేస్తే తేడా మీకే తెలుస్తుంది. రాయడానికి కేంబ్రిడ్జి వాళ్ల రైట్ అండ్ ఇంప్రూవ్‌లో ఒక పేరా రాసి పెట్టండి. ఎక్కడ తప్పుందో గుర్తులు పెట్టి, స్థాయి కూడా చెప్తుంది.

నాలుగు వారాలయ్యాక అదే సెక్షన్‌లో, అదే బల్ల మీద, మళ్లీ పది నిమిషాలు రికార్డ్ చేయండి. అవే మూడు లెక్కలు వేయండి. నా రెండో రికార్డింగ్‌లో ప్రశ్నలు ఎనిమిది, నేనే చెప్పేసిన జవాబులు మూడు, విడిగా వినిపించిన గొంతులు నాలుగు. అరవై మందిలో నాలుగంటే చాలా తక్కువే. రూళ్ల పుస్తకంలో తర్వాతి పేజీ తిప్పి కొత్త వాక్యం రాసుకున్నాను: "వెనక మూడు బెంచీల వైపు నేను నడవట్లేదు."